మురువ్వత్, మదారా: షీరాజ్ నుంచి తూస్ దాకా

మొదటి రోజు, షీరాజ్

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వస్తుంటే ముందుగా పలకరించింది నారింజ పూత. వీధులకు రెండు పక్కలా చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. డ్రైవరు అద్దం దించి, గాలి గట్టిగా పీల్చి "బహారె నారంజ్, ఖానూమ్" అన్నాడు. నారంజ్ అంటే మన నారింజే. ఏప్రిల్ మూడో వారం, వాళ్ళ లెక్కలో ఉర్దీబెహెష్త్ నెల రేపు మొదలు. ఆ నెల ఒకటో తారీఖును ఇరాన్‌లో షీరాజ్ కవి సాదీ పేరిట సాదీ దినంగా జరుపుతారు. దాన్ని చూసుకునే టికెట్లు తీసుకున్నాం, నేనూ తమ్ముడూ.

మా తాతయ్య పాలమూరు జిల్లాలో పట్వారీ. నిజాం కాలపు చదువు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ, మౌల్వీ సాబు దగ్గర ఫార్సీ. సాదీ రాసిన గులిస్తాన్ సగం నోటికొచ్చు. పొలంగట్ల తగాదాలు మా అరుగు మీదికి వస్తే, ఇరుపక్షాలూ అరిచి అలిసిపోయేదాకా చూసి ఇంకో షీరాజ్ కవి హాఫిజ్ పద్యం ఒకటి చదివేవాడు. వాళ్ళకది అర్థమయ్యేది కాదు, అయినా కాసేపు ఊరుకునేవాళ్ళు.

"ఆసాయిషె దో గీతీ తఫ్సీరె ఈన్ దో హర్ఫ్ అస్త్, బా దోస్తాన్ మురువ్వత్, బా దుష్మనాన్ మదారా."

రెండు లోకాల సుఖమూ ఈ రెండు మాటల్లోనే ఉంది: స్నేహితులతో మురువ్వత్, శత్రువులతో మదారా. మురువ్వత్ అంటే పెద్దమనసు. మదారాకు మాత్రం నాకు ఈ రోజుకీ సరైన తెలుగు మాట దొరకలేదు. క్షమ కాదు, ప్రేమ కాదు, లొంగిపోవడమూ కాదు. నొప్పించకుండా, నొచ్చుకోకుండా పక్కపక్కన మెలగడం. ఆ మాటను అది పుట్టిన ఊళ్ళో వినాలని వచ్చాను. మన తెలుగువాళ్ళకు ఫార్సీ కవిత్వం ఎక్కువగా దువ్వూరి రామిరెడ్డి గారి పానశాల దారిలో వచ్చింది. మధువు, గులాబీ, సాకీ మనకు బాగా తెలుసు. ఆ మధుపాత్ర చుట్టూ కాలిన ఊళ్ళ సంగతి అంతగా తెలియదు.

రాత్రి ఫాలూదె తిన్నాం. సన్నటి సేమ్యా, మంచు, నిమ్మరసం. పడుకున్నాం.

రెండో రోజు, సాదీ దగ్గర

పొద్దున్నే వెళ్ళినా అప్పటికే జనం. ఎత్తయిన స్తంభాలు, నీలి పెంకుల గుమ్మటం. ఇప్పుడున్న కట్టడం 1952 నాటిది. లోపల గోడల మీద పద్యాలు. తల్లులు పిల్లల వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదుగా చదివిస్తున్నారు. మెట్లు దిగితే భూమి లోపల ఖనాత్ (భూగర్భ కాలువ) నీటి కొలను, దాన్నిండా చేపలు.

"బనీ ఆదం ఆజాయె యెక్‌దీగరంద్" అని ఒక బడిపిల్ల మొదలుపెట్టింది. పక్కనున్న నలుగురూ అందుకున్నారు. మనుషులందరూ ఒకరికొకరు అవయవాలు, పుట్టుకలో ఒకే మూలపదార్థం. కాలం ఒక అవయవానికి నొప్పి తెస్తే మిగతావాటికి నెమ్మది ఉండదు. పరుల కష్టానికి బాధ లేని నీకు మనిషి అన్న పేరు తగదు. ప్రపంచమంతా తిరిగిన పద్యం ఇది. అయితే పద్యం తిరిగినంతగా దాని వెనకున్న కథ తిరగలేదు.

గులిస్తాన్ మొదటి అధ్యాయంలోదా కథ. దమాస్కస్ పెద్ద మసీదులో యహ్యా ప్రవక్త సమాధి దగ్గర సాదీ ధ్యానంలో ఉంటాడు. అన్యాయానికి పేరుపడ్డ ఒక అరబ్బు రాజు అక్కడికొచ్చి ప్రార్థన చేసి, బలమైన శత్రువు వల్ల భయంగా ఉంది, నాకోసం దువా చెయ్యమని అడుగుతాడు. సాదీ చెప్పిందల్లా ఒక్కటే: బలహీనుడైన నీ రైతు మీద దయ చూపు, బలవంతుడైన శత్రువు వల్ల నీకు బాధ రాదు. ఆ తర్వాత వస్తుంది బనీ ఆదం. బయటి శత్రువు వైపు చూస్తున్న రాజును వెనక్కి తిప్పి, ముందు నీ ఊళ్ళో ఏం చేస్తున్నావో చూసుకోమన్నాడు. ఈ పద్యాన్ని గోడకెక్కించేటప్పుడు ఆ రాజును కూడా పక్కన నిలబెట్టాలనిపిస్తుంది నాకు.

కొలను దగ్గర తమ్ముడు అడిగాడు, "అక్కా, ఇంత నెమ్మదిగా మాట్లాడాడంటే ఆయన కాలం బాగున్నట్టేనా?"

గులిస్తాన్ పీఠికలో సాదీయే రాశాడు, మా కాలం సుఖంగా సాగుతున్న ఆ రోజుల్లో హిజ్రీ 656 అని. హిజ్రీ 656 అంటే 1258. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే మంగోలులు బాగ్దాద్‌లోకి చొరబడి ఖలీఫాను చంపి నగరాన్ని నేలమట్టం చేశారు. బాగ్దాద్ సాదీ చదువుకున్న ఊరు. ఆకాశం నేల మీద నెత్తురు కన్నీరు కార్చినా అది దాని హక్కే అంటూ ఖలీఫా చావు మీద శోకగీతం రాసిందీ ఈయనే. మరి షీరాజ్ ఎలా సుఖంగా ఉంది? షీరాజ్ ఉన్న ఫార్స్ సీమను ఏలుతున్న అతాబేగు అబూబక్ర్ మంగోలులకు కప్పం కట్టి ఊరిని కాపాడుకున్నాడు. తన ఇంకో కావ్యం బూస్తాన్‌లో సాదీ ఆ సంగతిని ఎంత తేటగా చెప్పాడో! సికందరు కంచుతో, రాయితో గోడ కట్టి యాజూజులనే విధ్వంసక జాతి దారి మూశాడు, నీ గోడ కంచుది కాదు, బంగారంది అన్నాడు రాజుతో.

"డబ్బిచ్చి కొన్న శాంతన్నమాట. ఇది శాంతా, లొంగుబాటా?" అన్నాడు తమ్ముడు.

నేను వెంటనే జవాబివ్వలేకపోయాను. బయట బెంచీ మీద కూర్చుని, తెచ్చుకున్న బూస్తాన్‌లో రాజనీతి అధ్యాయం తీశాను. ఉపాయంతో పని అయ్యేదాకా శత్రువుతో మదారా పోరుకంటే మేలు అంటాడు. హాఫిజ్ కన్నా నూరేళ్ళ ముందు అదే మాట! శత్రువు సంధి కోరితే తల తిప్పుకోకు, యుద్ధానికే వస్తే కళ్ళెం తిప్పకు అనీ అంటాడు. అంటే కత్తి పారెయ్యమనడం లేదు, కత్తికి వరుసలో చివరి చోటు ఇస్తున్నాడు. తల తెగిన బాగ్దాద్ ఒక పక్క, కప్పం కట్టి బతికిన షీరాజ్ ఒక పక్క. ఈ రెంటి మధ్య నిలబడి రాసినవాడికి పసిడి గోడ సిగ్గుపడాల్సిన విషయంగా కనిపించలేదు. నాకూ కనిపించడం లేదు. ఆ గోడ లేకపోతే గులిస్తాన్ ఉండేది కాదు, మా అరుగు మీద తాతయ్య నోట ఆ ఫార్సీ ముక్కలూ ఉండేవి కావు.

గులిస్తాన్ తొలి కథ కూడా ఇలాంటిదే. చావు తప్పదని తెలిసిన ఖైదీ రాజును తిడతాడు. ఏమంటున్నాడని రాజు అడిగితే మంచి మంత్రి, కోపం దిగమింగి క్షమించేవాళ్ళను పొగుడుతున్నాడని చెబుతాడు. రాజు వదిలేస్తాడు. ఇంకో మంత్రి నిజం బయటపెడతాడు. నీ నిజం కన్నా అతని అబద్ధమే నాకు నచ్చింది అంటాడు రాజు. తగవు పెట్టే నిజం కన్నా మేలు చేసే అబద్ధం నయమన్న ఈ మాట మీద సాదీని చాలామంది తప్పుపట్టారు. "వారిజాక్షులందు" పద్యం విని పెరిగినవాళ్ళం, ప్రాణం కాపాడేటప్పుడు బొంకవచ్చునన్నది మనకు కొత్త కాదు.

మూడో రోజు, హాఫిజియె (హాఫిజ్ సమాధి)

సాయంత్రం దీపాలు పెట్టాక వెళ్ళమని హోటలామె చెప్పింది. మంచి మాట చెప్పింది. ఎనిమిది స్తంభాల మీద గుమ్మటం, కింద చలువరాతి పలక. ఆ పలక కరీంఖాన్ జంద్ 1773లో వేయించింది, పైకట్టడం 1935లో లేచింది. వచ్చినవాళ్ళు రెండు వేళ్ళు రాతికి ఆనించి లోలోపల ఏదో చదువుకుంటున్నారు. 1932లో టాగూరు ఈ ఊరు వచ్చినప్పుడు ఆయన కూడా ఇక్కడ హాఫిజ్ పద్యాల సంపుటి దీవాన్ తెరిచి శకునం చూసుకున్నాడు. మా ముందు ఒక నడివయసు ఆవిడ పుస్తకం తెరిచి చదివి కళ్ళు తుడుచుకుంది.

నేను తాతయ్య పద్యం చదివాను, తాతయ్య చదివినట్టే. పక్కనున్న పెద్దాయన నవ్వి, ఆప్యాయంగా సరిచేశాడు: "మొరొవ్వత్... మొదారా." మనవైపు ఫార్సీ పాత ఉచ్చారణలో నిలిచిపోయింది, ఇక్కడ మారిపోయింది. తాతయ్య సింహాన్ని "షేర్" అనేవాడు, ఇక్కడ అది "షీర్", పాలను పిలిచినట్టే. ఆ పెద్దాయన బడి పంతులట, రిటైరయ్యాడు. హైదరాబాద్ అనగానే "దక్కన్!" అని, హాఫిజ్ మీ దేశానికి రావలసినవాడే తెలుసా అన్నాడు. తెలుసు. ఫిరిష్తా రాసిన చరిత్రలో ఉంది. గుల్బర్గాలో ఏలుతున్న బహమనీ సుల్తాను దారి ఖర్చులు పంపి పిలిపించాడు. హాఫిజ్ హుర్ముజ్ దాకా వచ్చి ఓడ కూడా ఎక్కాడు. తుఫాను లేచింది. దిగిపోయి, లోకమంతా కలిపినా క్షణం దిగులుకు విలువ చెయ్యదని గజల్ రాసి పంపి షీరాజ్‌కు తిరిగిపోయాడు.

షీరాజ్‌లో మాత్రం ఆయనకు తుఫాను లేని రోజులెన్ని? ఆదరించిన అబూ ఇస్హాక్ ఇంజూను ఓడించి 1353లో ముబారిజుద్దీన్ ఊరు పట్టుకున్నాడు. మద్యశాలలు మూయించాడు. అబూ ఇస్హాక్‌కు మరణశిక్ష వేశారు. తర్వాత ముబారిజుద్దీన్ కళ్ళను సొంత కొడుకే పొడిపించాడు. ఈ దొరల కింద రాసుకుంటూ బతికినవాడు శత్రువులతో మదారా అన్నాడంటే అది గులాబీతోటలో పుట్టిన మాట కాదు.

పంతులు గారికి మరో పద్యం ఇష్టమట. డెబ్బయిరెండు మతాల పోట్లాటను మన్నించు, నిజం కనబడక వాళ్ళు కథల దారి పట్టారు అన్నది.  నాకు మాత్రం అందులో "ఉజ్ర్ బెనెహ్" అన్న ముక్క దగ్గర మనసు ఆగింది. వాళ్ళ తరఫున సాకు నువ్వే చెప్పు అని. ఎదుటివాడి తప్పుకు వాడికన్నా ముందు మనమే ఒక కారణం వెతికి పెట్టడం. తాతయ్య తగాదాల్లో చేసింది అదే. "వాడికి గట్టు మీద ఆశ కాదురా, బిడ్డ పెండ్లి నెత్తి మీదుంది" అని రెండో పక్షంతో మెల్లగా అనేవాడు. గట్టు కథ సగం అక్కడే తేలేది. అలా కుదిరినదాన్ని మనం రాజీ అంటాం. ఇక్కడ ఫార్సీలో "రాజీ" అంటే తృప్తిగా, ఇష్టంగా ఉండటం. మన వాడుకలో ఆ తృప్తి తగ్గిపోయి ఒప్పుకోలు మిగిలింది.

నాలుగో రోజు, ఇస్ఫహాన్

బస్సులో దాదాపు రోజంతా. ముప్ఫయ్ మూడు కమానుల వంతెన కింద నది ఎండి ఉంది. జనం ఇసుకలో నడుస్తున్నారు. 1387లో తైమూరు ఈ ఊళ్ళో తెగవేయించిన తలలు డెబ్బయివేలని అప్పటి చరిత్రకారులు రాశారు, తలలతో గోపురాలు కట్టించాడట. అప్పటికి హాఫిజ్ బతికే ఉన్నాడు. అదే ఏడాది తైమూరు షీరాజ్‌కీ వచ్చాడు. ఈ ఊరి నడుమ ఉన్న నక్షె జహాన్ చౌకు అందాల గురించి అందరూ రాస్తారు. నాకా రోజు ఏదీ కళ్ళకు ఆనలేదు. వంతెన మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చున్నాం.

ఐదో రోజు, రైలు

మష్హద్ వైపు రాత్రి రైలు. మా పెట్టెలో తబ్రీజ్ దంపతులు, ఇంట్లో తుర్కీ మాట్లాడేవాళ్ళు. తమ్ముడు హైదరాబాద్ నుంచి తెచ్చిన కిస్మిస్ పొట్లం విప్పాడు. ఆవిడ తీసుకుని "కిష్మిష్!" అంది. మీ భాషలో పచ్చి పళ్ళనేమంటారని అడిగితే "ఉజుమ్" అంది. నేను ఉలిక్కిపడ్డాను. మస్నవీ అనే కావ్యంలో మౌలానా రూమీ చెప్పిన కథలో మాట అది. నలుగురికి ఒకాయన ఒక దిర్హం ఇస్తాడు. ఫార్సీవాడు అంగూర్ కొందామంటాడు, అరబ్బు కాదు ఇనబ్ అంటాడు, తుర్కు ఉజుమ్ అంటాడు, రూమీవాడు, అంటే గ్రీకువాడు, ఇస్తాఫీల్ అంటాడు. నలుగురూ కోరింది ద్రాక్షే. పేర్లు తెలియక పిడిగుద్దులు. నూరు భాషలు తెలిసినవాడొకడు అక్కడుంటే సంధి చేసేవాడంటాడు మౌలానా. నాకొచ్చిన అరకొర ఫార్సీలో ఈ కథ చెప్పబోతే ఆ పెద్దాయన అందుకుని మొత్తం పద్యాల్లోనే చదివాడు. చివర్లో మస్నవీలోదే ఇంకో మాట కలిపాడు: "హమ్‌దిలీ అజ్ హమ్‌జబానీ బెహ్తర్ అస్త్." ఒకే నాలుక కన్నా ఒకే మనసు మేలు.

"ద్రాక్ష" అని మూడుసార్లు చెప్పించుకుంది ఆవిడ. "క్ష" పలకలేక నవ్వేసింది.

ఆరో రోజు, నీషాపూర్

మష్హద్‌లో కారు మాట్లాడుకున్నాం. కారతను కుర్రాడు, పాతికేళ్ళుంటాయి. "కవుల దగ్గరికా? ముగ్గుర్నీ నేనే చూపిస్తా" అన్నాడు.

నీషాపూర్ కోట ముందు చంగీజ్‌ఖాన్ అల్లుడు బాణం తగిలి చచ్చాడు. దానికి బదులుగా 1221లో చంగీజ్ కొడుకు తులూయ్ ఊరిని కూల్చాడు. ఫరీదుద్దీన్ అత్తార్ ఆ ఊచకోతలోనే పోయాడని చెబుతారు. నీలి గుమ్మటం కింద చిన్న సమాధి, చుట్టూ తోట. చాలా నిశ్శబ్దంగా ఉంది. అత్తారు చెప్పిన పక్షుల కథ తెలిసిందే: రాజు సీముర్గ్‌ను వెతుక్కుంటూ బయల్దేరిన పక్షులు ఏడు లోయలు దాటేసరికి ముప్ఫయ్యే మిగులుతాయి. సీ అంటే ముప్ఫయ్, ముర్గ్ అంటే పక్షి. వెతికింది తమనే. బయల్దేరే ముందు ఒక్కో పక్షీ రాలేనని ఒక్కో సాకు చెబుతుంది, వాటికి దారి చూపే హుద్‌హుద్ పక్షి ఓపిగ్గా అన్నింటికీ జవాబిస్తుంది. కథ చివరి మలుపు కన్నా నాకా ఓర్పు ఎక్కువ నచ్చుతుంది.

ఖయ్యాం సమాధి దగ్గర పది నిమిషాలే ఆగాం. బడిపిల్లల బస్సులు రెండు వచ్చాయి, నిలబడే చోటు లేదు.

ఏడో రోజు, తూస్

జాషువా గారి ఫిరదౌసి చదివిన తెలుగువాళ్ళు ఈ ఊరికి కొత్తవాళ్ళు కారు. పద్యానికొక బంగారు నాణెమని మాట తప్పిన గజనీ మహమూదు, కన్నీళ్ళు, ఆలస్యంగా బయల్దేరిన ఒంటెలు. ఒంటెలు ఒక ద్వారంలోంచి వస్తుంటే కవి శవం ఇంకో ద్వారంలోంచి వెళ్తోందన్న కథ నిజమో కాదో గానీ, కూతురు ఆ డబ్బు ముట్టలేదన్నది మాత్రం నాకు నమ్మబుద్ధవుతుంది. ఫిరదౌసీ సమాధి మీది తెల్లరాతి కట్టడం 1934 నాటిది. లోపలికి దిగితే గోడల మీద ఆయన రాసిన రాజుల గాథ షాహ్‌నామా శిల్పాలు. ఎక్కడ చూసినా యుద్ధమే.

అందుకే నేను ఇరజ్‌ను వెతుక్కున్నాను. ఫరీదూన్ రాజు లోకాన్ని ముగ్గురు కొడుకులకు పంచుతాడు. చిన్నవాడు ఇరజ్‌కు ఇరాన్ వస్తుంది. అన్నలు సల్మ్, తూర్ కక్షతో కబురు పంపుతారు. తండ్రి సైన్యాన్ని తీసుకెళ్ళమంటాడు. ఇరజ్ వద్దంటాడు. ఉత్త చేతులతో వెళ్ళి, కిరీటం నాకు వద్దు, ఇరానూ వద్దు, మీరే ఏలుకోండి అంటాడు. ప్రాణం ఉన్నవాడివి, ప్రాణం తియ్యడానికి నీకెలా మనసొప్పుతుంది అని తూర్‌ను అడుగుతాడు. తూర్ బంగారు పీటతో తల మీద కొట్టి, బాకుతో చంపుతాడు.

రాయబారం పద్యాలు విని పెరిగిన చెవులు మనవి. సంధి మాట వినగానే మనకు కృష్ణుడు కనిపిస్తాడు. ఆయన వెనక ఏడు అక్షౌహిణులున్నాయి, జెండాపై కపిరాజు ఉన్నాడు. ఇరజ్ వెనక ఎవరూ లేరు. శాంతి అడిగినవాడు బతికినట్టు ఫిరదౌసీ రాయలేదు. రాకుమారుడు సియావుష్ కథలోనూ అంతే. శత్రురాజు అఫ్రాసియాబ్‌తో సంధి చేసి తాకట్టుగా మనుషులను తెచ్చుకుంటాడు. వాళ్ళను తన దగ్గరికి పంపమంటాడు తండ్రి కైకావూస్, చంపడానికి. సియావుష్ మాట తప్పలేక వాళ్ళను తిరిగి అప్పగించి, సొంత దేశం వదిలి శత్రువు నీడలోకి వెళ్ళిపోతాడు. అక్కడే అతని తల తెగుతుంది. సాదీ రాజు కట్టిన పసిడి గోడను మెచ్చుకున్నాడు, హాఫిజ్ మదారా నేర్పాడు. వాళ్ళిద్దరి కన్నా ముందే ఈయన, గోడా మదారా పనిచెయ్యని రోజున మనిషి ఏం చేస్తాడో రాసిపెట్టాడు. యాభైవేల పద్యాల యుద్ధగాథలో అందరికీ నోటికొచ్చిన పద్యం కత్తి గురించి కాదు, చీమ గురించి. ఇరజ్ మాటల్లోదే అది:

"మయాజార్ మూరీ కె దానెకష్ అస్త్, కె జాన్ దారదొ జానె షీరీన్ ఖుష్ అస్త్." గింజ మోసుకుపోయే చీమను బాధపెట్టకు. దానికీ ప్రాణం ఉంది, తీపి ప్రాణం హాయిగా ఉంటుంది.

చీమకు కూడా హాని తలపెట్టనివాడు అంటాం మనం. బూస్తాన్‌లో షిబ్లీ అనే సాధువు గోధుమల మూటలో దారితప్పి వచ్చిన చీమను దాని చోటికి మోసుకెళ్ళి దింపుతాడు. ఆ కథ చెప్పి సాదీ ఈ పద్యాన్నే ఎత్తుకుంటాడు, ఫిరదౌసీ ఎంత బాగా చెప్పాడు, ఆ పవిత్రమైన మట్టి మీద దయ కురియాలి అంటాడు. ఆ మట్టి ముందే నిలబడ్డాను. ఏడు రోజులుగా మోసుకొచ్చిన సాదీ దువాను ఇక్కడ పైకే చదివాను.

తిరిగి కారు దగ్గరికి నడుస్తుంటే తమ్ముడు అన్నాడు, "చలిచీమల చేత చిక్కి పాము చస్తుందన్నారు కదక్కా మనవాళ్ళు." సాదీ కూడా అన్నాడు. చీమలు ఏకమైతే సింహం చర్మం చీలుస్తాయని గులిస్తాన్‌లో. తాతయ్య అక్కడే "షేర్" అనేవాడు.

మేం మాట్లాడుకుంటుంటే కారు కుర్రాడు "మూర్" అన్న ముక్క పట్టుకున్నాడు. మీ భాషలో మూర్‌ను ఏమంటారు ఖానూమ్ అని అడిగాడు.

"చీమ" అన్నాను.

"చీమా. చీమా." తాళంచెవి తిప్పుతూ రెండుసార్లు అనుకుని, అద్దంలోంచి నా వైపు చూసి సరిగ్గా వచ్చిందా అన్నట్టు తల ఎగరేశాడు.